వృక్షాన్వేషి డేవిడ్ డగ్లస్

వర్షారణ్యమనే మాట వినగానే అమెజాన్, కాంగో నదీ పరీవాహక ప్రాంతాలు మనసులో మెదులుతాయి. ఉక్కపోత, ఎడతెగని వాన, వెలుతురు చొరని పచ్చదనం ఆ అడవుల లక్షణాలు. అయితే చల్లని దేశాలలోనూ వర్షారణ్యాలు ఉన్నాయి. వాటిని సమశీతోష్ణ వర్షారణ్యాలంటారు. వీటిలో మిక్కిలి విశాలమైనది ఉత్తర అమెరికా పశ్చిమ తీరాన ఉంది. కాలిఫోర్నియా ఉత్తర భాగం మొదలుకొని అలాస్కా దక్షిణ భాగం వరకు పసిఫిక్ మహాసముద్రాన్ని ఆనుకొని అది సాగిపోతుంది. శీతకాలంలో సముద్రం మీదుగా వచ్చే తేమగాలులు కొండలను తాకి నెలల తరబడి వర్షిస్తాయి. కొన్నిచోట్ల ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది. వేసవి పొడిగా ఉన్నా, సముద్రం నుంచి పాకి వచ్చే పొగమంచును చెట్ల సూదుల వంటి ఆకులు ఒడిసిపట్టి బొట్లుబొట్లుగా నేలకు జారవిడుస్తాయి. గొడ్డలి వేటు పడనిచోట ఈ అడవిలో ఐదు వందల ఏళ్లు దాటిన మానులు సర్వసాధారణం. వెయ్యేళ్లు పైబడినవీ లేకపోలేదు.

ఈ అడవికి తలమానికమైన వృక్షం డగ్లస్ ఫర్. కలప వ్యాపారంతో పరిచయమున్న వారందరికీ ఆ పేరు తెలుసు. ఆ పేరుగల మనిషి ముప్పై అయిదేళ్లు మాత్రమే జీవించాడు. అందులో సుమారు పదేళ్లు ఇల్లూ వాకిలీ లేక అడవులలో, దోనెలలో, ఓడలలో గడిపాడు.

డేవిడ్ డగ్లస్ 1799 జూన్ 25న స్కాట్లండ్ దేశంలోని పెర్త్‌షైర్‌కు చెందిన స్కూన్ గ్రామంలో జన్మించాడు. తండ్రి జాన్ రాతిపని చేసుకొని కుటుంబాన్ని పోషించేవాడు. తల్లి పేరు జీన్ డ్రమ్మండ్. బాలుడైన డేవిడ్‌కు బడి పట్ల ఏమాత్రం ఆసక్తి ఉండేది కాదు. బడికని బయలుదేరి చేపలు పట్టడానికో, పక్షిగూళ్లు వెదకడానికో పోయేవాడు. ఉపాధ్యాయుని బెత్తం అతనిని మార్చలేకపోయింది. పదేళ్ల ప్రాయం దాటగానే తండ్రి అతనిని చదువు మాన్పించి, స్కూన్ రాజప్రాసాదంలో మాన్స్‌ఫీల్డ్ ప్రభువు ఉద్యానవనంలో పనివానిగా కుదిర్చాడు. ప్రధాన తోటమాలి విలియం బీటీ వద్ద డేవిడ్ ఏడేళ్లు శిక్షణ పొందాడు. మట్టి కలపడం, అంటు కట్టడం, విత్తనాన్ని ఏ లోతున నాటాలో వేలితో కొలిచి తెలుసుకోవడం అక్కడే నేర్చుకున్నాడు. బడిలో పుస్తకాన్ని ముట్టని ఆ పిల్లవాడు ఇప్పుడు చలికాలపు రాత్రులలో వృక్షశాస్త్ర గ్రంథాలు ముందు వేసుకొని కూర్చోసాగాడు. చదువు మీద కోరిక బడి విడిచిన తరువాత పుట్టడం ఆయన విషయంలో జరిగిన చిత్రం.

తరువాత కొంతకాలం వాలీఫీల్డ్ అనే చోట ఒక సంపన్నుని తోటలో పనిచేశాడు. ఆ యజమాని విదేశీ మొక్కల సేకరణకు పేరుపొందినవాడు. తన గ్రంథాలయాన్ని ఈ యువకునికి తెరిచి ఉంచాడు. 1820లో డగ్లస్ గ్లాస్గో నగరంలోని వృక్షశాస్త్ర ఉద్యానంలో చేరాడు. అదే సంవత్సరం విలియం జాక్సన్ హుకర్ అక్కడి విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యునిగా నియమితుడయ్యాడు. తరగతి గదిలో వెనుక వరుసన కూర్చొని శ్రద్ధగా వినే ఈ తోటపనివాడు ఆచార్యుని దృష్టిలో పడ్డాడు. స్కాట్లండ్ కొండలలో మొక్కల సేకరణకు వెళ్లినప్పుడల్లా హుకర్ అతనిని వెంట తీసుకుపోయేవాడు. గురుశిష్య సంబంధం క్రమంగా స్నేహంగా మారింది. డగ్లస్ జీవితాంతం తన మనసులోని మాటను లేఖలలో చెప్పుకున్నది హుకర్‌కే.

ఆ రోజులలో ఇంగ్లండులోని ధనవంతులకు తోటల వ్యామోహం మెండుగా ఉండేది. కొత్త పూలమొక్క, కొత్త వృక్షం ఎవరి తోటలో ముందుగా కనిపిస్తే వారికి అంత గౌరవం. లండన్‌లోని ఉద్యాన సంఘం సేకర్తలను దూరదేశాలకు పంపి, వారు తెచ్చిన విత్తనాలను సభ్యులకు పంచేది. హుకర్ సిఫారసుతో సంఘం కార్యదర్శి జోసెఫ్ సబైన్ 1823లో డగ్లస్‌ను చేర్చుకున్నాడు. మొదట అమెరికా తూర్పు ప్రాంతానికి పంపి, అక్కడి పండ్లచెట్లను, ఓక్ వృక్షాలను తెప్పించాడు. ఆ పనిని డగ్లస్ చక్కగా నిర్వహించడంతో, అంతకంటె కష్టమైన పనిని అప్పగించడానికి సంఘం సాహసించింది.

అమెరికా వాయవ్య తీరంలో మహావృక్షాలున్నాయన్న సంగతి యూరప్‌లోని శాస్త్రవేత్తలకు అప్పటికే తెలుసు. 1790ల తొలి సంవత్సరాలలో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ నౌకాయాత్రలో వైద్యునిగా, ప్రకృతి శాస్త్రజ్ఞునిగా పాల్గొన్న ఆర్చిబాల్డ్ మెంజీస్ వాటిని చూసి నమూనాలు తెచ్చాడు. ఆయన కూడా స్కాట్లండ్ వాడే. అయితే ఎండు కొమ్మలు, రాతలు తప్ప ఆ వృక్షం యూరప్ నేలలో మొలకెత్తలేదు. విత్తనం తేవడం డగ్లస్ వంతు అయింది. బయలుదేరే ముందు వృద్ధుడైన మెంజీస్‌ను కలిసి ఆ తీరపు విశేషాలు అడిగి తెలుసుకున్నాడు.

1824 జూలైలో హడ్సన్స్ బే కంపెనీకి చెందిన విలియం అండ్ ఆన్ అనే ఓడ లండన్ సమీపంలోని రేవు నుంచి కదిలింది. పనామా కాలువ లేని ఆ రోజులలో దక్షిణ అమెరికా కొసను చుట్టి రావలసిందే. ఎనిమిది నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో గాలపాగోస్ దీవులలో సేకరించిన మొక్కలు వానకు, తేమకు కుళ్లిపోయాయి. కొలంబియా నది ముఖద్వారం చేరువకు వచ్చిన తరువాత కూడా తుపానుల కారణంగా ఓడ కొన్ని వారాలపాటు సముద్రం మీదనే తిరుగాడవలసి వచ్చింది. చివరకు 1825 ఏప్రిల్‌లో ఓడ నదిలో ప్రవేశించింది. ఒడ్డున కాలు మోపగానే డగ్లస్ చేతికందిన మొదటి మొక్క శాలాల్. ముదురు ఆకుపచ్చని దళసరి ఆకులు, గంటల వంటి పూలు, నల్లని పండ్లు గల ఆ పొద అక్కడి అడవి అడుగునంతా పరుచుకొని ఉంటుంది. మెంజీస్ దానిని ఎంతగానో పొగడి ఉన్నాడు.

నది ఒడ్డున కంపెనీ వారు కొత్తగా కట్టుకున్న ఫోర్ట్ వాంకూవర్ డగ్లస్‌కు ఆశ్రయమయింది. బీవర్ జంతువుల చర్మాలను కొని యూరప్‌కు పంపడం ఆ కంపెనీ వ్యాపారం. కోటకు అధిపతి డాక్టర్ జాన్ మెక్‌లాక్లిన్ ఆజానుబాహువు, దయాశీలి. కోటలో గదులు లేనందున డగ్లస్ మొదట గుడారంలో, తరువాత జింకతోలు కప్పిన పాకలో, ఆపైన చెట్టు బెరడుతో అల్లిన గుడిసెలో ఉన్నాడు. ఆ ఏడాది డిసెంబరులో వాననీరు గుడిసెను ముంచెత్తితే మెక్‌లాక్లిన్ ఆయనను తన ఇంటికి తీసుకుపోయాడు.

ఆ అడవిలో డగ్లస్ మొదట చేసిన పని కొలవడం. అంత పెద్ద చెట్లున్నాయంటే లండన్‌లో ఎవరూ నమ్మరని ఆయనకు తెలుసు. తాను కొలిచిన డగ్లస్ ఫర్ వృక్షాలలో అతి పెద్దది 227 అడుగుల పొడవున్నదని దినచర్యలో రాసుకున్నాడు. రెండు ఎత్తైన తాటిచెట్లను ఒకదానిపై ఒకటి నిలబెట్టినా అంత ఎత్తు రావడం కష్టం. నేల నుంచి మూడడుగుల ఎత్తున దాని చుట్టుకొలత 48 అడుగులు. పదిమంది చేతులు కలిపితే గాని ఆ మానును చుట్టలేరు. 159 అడుగుల ఎత్తున కూడా అది ఏడున్నర అడుగుల చుట్టుకొలత కలిగి ఉంది. నిలిచి ఉన్న చెట్టెక్కి విత్తనాలు కోయడం అసాధ్యం. కింది కొమ్మలే నూరడుగుల పైన ఉంటాయి. చిన్న గొడ్డలితో అంత మానును కూల్చడమూ కుదరదు. అందువల్ల ఆయన తుపాకితో కొమ్మలను కొట్టి కాయలు రాల్చుకునేవాడు.

ఈ వృక్షం జీవనరీతి ఆసక్తికరమైనది. దాని పిల్లమొక్కలకు నీడ పడదు. కార్చిచ్చు వచ్చి అడవి తగలబడినచోట, ఎండ సోకే బూడిద నేలలో అవి ఒక్కుమ్మడిగా లేస్తాయి. ముదిరిన చెట్టుకు జానెడుకు మించిన మందంతో గట్టి బెరడు ఏర్పడి, తరువాత వచ్చే మంటల నుంచి దానిని కాపాడుతుంది. ఆ చెట్ల నీడలో హెమ్లాక్, ఎర్ర దేవదారు వంటివి నిదానంగా పెరుగుతాయి. శతాబ్దాల తరువాత పెద్దమాను కూలితే దాని జీవితం ముగిసినట్లు కాదు. నేలపై నాచు, ఫెర్న్ మొక్కలు దట్టంగా పరుచుకున్నందున చిన్న విత్తనాలకు చోటు దొరకదు. పడిన మాను వీపే వాటికి మడి అవుతుంది. హెమ్లాక్ మొలకలు దానిపై వరుసగా లేచి, మానుకు ఇరువైపులా వేళ్లు దింపుతాయి. మాను పూర్తిగా కుళ్లి మట్టిలో కలిసిన తరువాత ఆ చెట్లు ఎవరో తాడు పట్టి నాటినట్లు ఒకే వరుసలో నిలబడి కనిపిస్తాయి. ఇంకా పైన, పాత చెట్ల కొమ్మలపై పెరిగే కొన్ని రకాల లైకెన్లు గాలిలోని నత్రజనిని పట్టి, రాలిపడినప్పుడు నేలకు ఎరువవుతాయి. ఇటువంటి లైకెన్లు దండిగా పెరగడానికి ఒక అడవికి నూరేళ్లకు పైగా వయసు కావాలి. డగ్లస్ కాలానికి ఈ సంగతులలో అనేకం తెలియవు. అయినప్పటికీ ఆయన చెట్లతో ఆగిపోక నాచును, లైకెన్లను, ఫెర్న్‌లను కూడా ఏరి కాగితాల మధ్య భద్రపరిచాడు. పూలమొక్కలు కోరిన సంఘానికి నాచుతో పనిలేదు. ఆ ఏరిక ఆయన సొంత జిజ్ఞాస.

నిజానికి ఆ దేశంలో సేకరణకు పెద్ద శత్రువు వానే. ఎండబెట్టిన మొక్కలను ఎన్నిసార్లు నిప్పు దగ్గర ఆరబెట్టినా మళ్లీ తడిసేవి. దుప్పటి తడిసినా సరేగాని కాగితాలు తడవరాదని ఆయన దుప్పటిని కాగితాలకు చుట్టిన రాత్రులున్నాయి. ఒక రాత్రి అడవి ఎలుక ఒకటి గింజల పొట్లాన్ని తిని, మొక్కల కట్టను కొరికి, చివరకు ఆయన సిరాబుడ్డిని ఈడ్చుకుపోతుండగా ఆయన చూశాడు. తుపాకితో దానిని కొట్టి, దాని కొలతలు కూడా దినచర్యలో రాసుకున్నాడు. 1825లో ఓడకు పంపవలసిన పెట్టెలు సర్దుతూ తుప్పుపట్టిన మేకు మీద పడడంతో మోకాలికి గాయమై చీముపట్టింది. నెలల తరబడి కుంటుతూనే తిరిగాడు.

అక్కడి చినూక్ ప్రజలు ఈ వింత మనిషిని ఆసక్తితో గమనించారు. తెల్లవారందరూ చర్మాల కోసం వస్తుంటే ఇతడొక్కడు గడ్డి కోసం వచ్చాడని ఆయనకు గడ్డి మనిషి అని పేరు పెట్టారు. భూతద్దంతో ఎండలో పొగగొట్టం వెలిగించడం చూసి ఆశ్చర్యపోయారు. కాక్వా అనే నాయకుడు ఆయనను ఆదరించి చేపలతో విందు చేశాడు. ఆయన కోరికపై అతని బంధువుల అమ్మాయి నారతో ఇంగ్లీషు టోపీల నమూనాలో టోపీలు అల్లి ఇచ్చింది. ఎర్ర దేవదారు మానును తొలిచి దోనెగా మలచడం, దాని బెరడును నారగా తీసి బట్టలూ తాళ్లూ చేసుకోవడం, కామాస్ దుంపలను గోతులలో ఉడకబెట్టడం వారి విద్యలు. డగ్లస్ వాటిని శ్రద్ధగా రాసుకున్నాడు. ఏ మొక్క ఎక్కడ దొరుకుతుందో వారిని అడిగి తెలుసుకున్నాడు. ఆయన కనుగొన్నాడని పుస్తకాలు చెప్పే మొక్కలలో పెక్కింటికి అంతకుముందే ఆ ప్రజల భాషలలో పేర్లున్నాయి, ఉపయోగాలున్నాయి.

షుగర్ పైన్ కథ ఇందుకు చక్కని ఉదాహరణ. 1825లో విలామెట్ నదీ ప్రాంతంలో ఒక స్థానికుని పొగాకు సంచిలో డగ్లస్‌కు పెద్ద పైన్ గింజలు కొన్ని కనిపించాయి. అవి దక్షిణాన కొండలలో దొరుకుతాయని తెలిసింది. తీరపు తడి అడవిని దాటి, ఎండ ఎక్కువగా సోకే కొండసీమలో పెరిగే చెట్టది. మరుసటి ఏడాది శరదృతువులో దానిని వెదుకుతూ అంప్‌క్వా నది వైపు వెళ్లాడు. అక్టోబరు చివర ఒకనాడు దారిలో కలిసిన ఒక స్థానికునికి కాయ బొమ్మను పెన్సిలుతో గీసి చూపాడు. అతడు వెంటనే దక్షిణపు కొండల వైపు చేయి చూపించాడు. డగ్లస్ అక్కడికి చేరేసరికి గాలికి కూలిన మాను ఒకటి కనిపించింది. కొలిస్తే పొడవు 215 అడుగులు, చుట్టుకొలత 57 అడుగుల 9 అంగుళాలు. పైన్ జాతిలో అంతకంటె పెద్ద చెట్టును ఆయన అదివరకు చూడలేదు. నిలిచి ఉన్న చెట్ల కొమ్మల చివర జానెడుకు మించిన పొడవుగల కాయలు వేలాడుతున్నాయి.

వాటిని తుపాకితో రాలుస్తుండగా ఆ చప్పుడుకు ఎనిమిది మంది స్థానికులు వచ్చి చుట్టుముట్టారు. ఒంటికి ఎర్రమన్ను పూసుకొని, విల్లంబులు, ఈటెలు, చెకుముకిరాతి కత్తులు పట్టుకొని ఉన్నారు. తమ కొండలో తుపాకి పేల్చిన అపరిచితుని చూసి వారు మిత్రభావం చూపకపోవడంలో వింతలేదు. డగ్లస్ వెనుకడుగు వేసి తుపాకి ఎక్కుపెట్టాడు. కొన్ని నిమిషాలపాటు ఇరుపక్షాలూ కదలక మెదలక నిలబడ్డాయి. చివరకు వారి నాయకుడు పొగాకు కావాలని సైగ చేశాడు. కాయలు ఏరి తెస్తే ఇస్తానని డగ్లస్ సైగలతోనే బదులిచ్చాడు. వారు అటు తిరగగానే చేతికందిన మూడు కాయలు, కొన్ని రెమ్మలు తీసుకొని పరుగుపరుగున తన మకాం చేరాడు. ఆ రాత్రి గడ్డిలో పడుకొని, పక్కన తుపాకి ఉంచుకొని, జిగురు నిండిన కట్టెపుల్లను దీపంగా వెలిగించుకొని ఈ వృత్తాంతమంతా రాసుకున్నాడు. పొగాకు మాత్రం వారికి అందలేదు.

1827 మార్చిలో ఆయన కోటను విడిచి తూర్పు ముఖంగా బయలుదేరాడు. కంపెనీ వారి దళంతో కలిసి మంచులో నడుస్తూ రాకీ పర్వతాలను అథబాస్కా కనుమ వద్ద దాటాడు. ఆగస్టులో హడ్సన్ అఖాతం తీరం చేరి, అక్కడ ఓడ ఎక్కి, అక్టోబరులో లండన్‌లో దిగాడు. ఒక ఖండాన్ని ఒక అంచు నుంచి మరొక అంచుకు దాటి వచ్చిన ఈ సేకర్తను నగరం నెత్తికెత్తుకుంది. శాస్త్రీయ సంఘాలు రుసుము లేకుండానే సభ్యత్వమిచ్చాయి. ఆయన పంపిన విత్తనాలు సంఘం తోటలో మొలకెత్తాయి. ఎర్రని పూలగుత్తులతో వసంతంలో విరబూసే కరంట్ పొద ఒక్కటే ఆ యాత్ర ఖర్చుకు సరితూగిందని ఉద్యానకారులు చెప్పుకున్నారు. కాని డగ్లస్‌కు నగరం సరిపడలేదు. విందులలో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. యాత్రా గ్రంథం రాయడానికి పూనుకొని ముగించలేకపోయాడు. క్రమంగా చిరాకు, కలహం ఆయన స్వభావంలో చోటు చేసుకున్నాయి. తిరిగి పంపమని ఆయనే కోరాడు. నక్షత్రాలను, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పద్ధతులు నేర్చుకొని 1829 అక్టోబరులో మళ్లీ ఓడ ఎక్కాడు.

1830 వేసవిలో ఆయన తిరిగి చూసిన కొలంబియా లోయ మునుపటిది కాదు. ఆ ఏడాది అక్కడ విషజ్వరం ప్రబలింది. అది మలేరియా అని చరిత్రకారులలో పలువురి అభిప్రాయం. బయటి నుంచి వచ్చిన ఆ వ్యాధిని తట్టుకునే శక్తి స్థానికులకు లేదు. వందల జనంతో కళకళలాడిన పల్లెలు నిర్జనమయ్యాయి. శవాలను ఖననం చేయడానికి మనుషులు మిగలని పల్లెలున్నాయి. తనకు దారి చూపిన, చేపలు పెట్టిన, కాయలను గుర్తుపట్టిన ప్రజలు కొద్ది వారాలలో అంతరించిపోవడాన్ని డగ్లస్ కళ్లారా చూసి హుకర్‌కు బాధతో రాశాడు. చెట్ల పేర్లు, వాడుకలు తెలిసిన ఎందరో వృద్ధులు వాటిని ఎవరికీ చెప్పకుండానే పోయారు.

ఆ తరువాత సుమారు ఏడాదిన్నర కాలం కాలిఫోర్నియాలో గడిపాడు. తీరపు రెడ్‌వుడ్ వృక్షాలను చూసి వాటి గంభీరతకు విస్మయం చెందాడు. మాంటెరీ పైన్ విత్తనాలు పంపింది అప్పుడే. ఉత్తర తీరపు తడి అడవికి చెందిన సిట్కా స్ప్రూస్ విత్తనాలు 1831లో ఇంగ్లండు చేరాయి. పోండెరోసా పైన్, నోబుల్ ఫర్, గ్రాండ్ ఫర్ మొదలైనవి కూడా ఆయన ద్వారానే బ్రిటన్ తోటలలో ప్రవేశించాయి. తాను ఇష్టం వచ్చినట్లు పైన్ చెట్లను తయారుచేస్తున్నాననుకుంటారేమోనని ఆయన హుకర్‌కు హాస్యంగా రాశాడు. మొత్తం మీద ఆయన పరిచయం చేసిన మొక్కలు రెండు వందలకు పైగా ఉంటాయి.

ఈలోగా శరీరం సహకరించడం మానింది. మంచు మీది ఎండ వెలుగు, ఇసుక గాలులు ఆయన కళ్లను దెబ్బతీశాయి. కుడికన్ను దాదాపుగా కనిపించేది కాదు. లండన్‌లో సబైన్ పదవి నుంచి తొలగవలసి వచ్చిందని తెలిసి, తానూ సంఘం కొలువుకు రాజీనామా పంపాడు. అలాస్కా మీదుగా సైబీరియా దాటి ఇంటికి చేరాలన్న సాహసోపేతమైన ఆలోచనతో 1833లో ఉత్తర దిశగా బయలుదేరాడు. అది నెరవేరే మార్గం కనిపించక వెనుదిరిగాడు. జూన్ 13న ఫ్రేజర్ నదిలో రాళ్ల మధ్య ఆయన దోనె ముక్కలైంది. గంటన్నరకు పైగా సుడిగుండాలలో కొట్టుకొని ఎట్లో ఒడ్డున పడ్డాడు. ప్రాణం దక్కింది. కాని 400 జాతుల మొక్కల నమూనాలు, దినచర్య పుస్తకం నదిలో కలిసిపోయాయి. ఎలుకలు తిన్నా, వాన తడిపినా మళ్లీ ఏరుకున్న మనిషి ఈ దెబ్బ నుంచి మాత్రం కోలుకోలేకపోయాడు.

శరదృతువులో ఆయన హవాయీ దీవులకు ఓడ ఎక్కాడు. కొన్నేళ్లుగా వెంట తిరుగుతున్న బిల్లీ అనే చిన్న కుక్క కూడా తోడు వచ్చింది. 1834 జనవరిలో మౌనా కియా శిఖరాన్ని ఎక్కాడు. అగ్నిపర్వతాలను పరిశీలించాడు. ఇంగ్లండుకు తిరిగి పోయే ఓడ కోసం ఎదురుచూస్తూ, జూలైలో హవాయీ దీవిలో హైలో పట్టణానికి కాలినడకన బయలుదేరాడు. జూలై 12 ఉదయం అడవి పశువులను పట్టి జీవించే ఎడ్వర్డ్ గర్నీ అనే వాని గుడిసె వద్ద ఆగి ఫలహారం చేశాడు. దారిలో పశువుల కోసం తవ్విన గోతులున్నాయని హెచ్చరించి పంపానని గర్నీ తరువాత చెప్పాడు. కొద్దిసేపటికి ఆయన శవం అటువంటి ఒక గోతిలో, అందులో చిక్కిన ఎద్దు కాళ్ల కింద కనిపించింది. ఆయన మూట గట్టున ఉంది. బిల్లీ దాని పక్కన కాపలా కూర్చొని ఉంది. చూపు మందగించినందున కాలు జారి పడ్డాడని కొందరన్నారు. గర్నీ శిక్షపడి వచ్చిన నేరస్థుడు కావడం వల్ల హత్య జరిగిందని కొందరు అనుమానించారు. హోనొలూలూలో వైద్యులు పరీక్షించి, గాయాలు ఎద్దు వల్ల కలిగినవేనని అభిప్రాయపడ్డారు. అనుమానం మాత్రం పూర్తిగా తొలగలేదు. ఆ దీవులకు మొదట పశువులను తెచ్చి వదలినది వాంకూవర్ నౌకాయాత్ర. మెంజీస్ డగ్లస్ ఫర్‌ను చూసిన యాత్ర కూడా అదే. హోనొలూలూలోని కవయహావో ప్రార్థనామందిరం ఆవరణలో డగ్లస్‌ను సమాధి చేశారు.

ఆయన పంపిన విత్తనాలు ఆయన చూడని రీతిలో వ్యాపించాయి. తోటల అందానికని తెచ్చిన సిట్కా స్ప్రూస్ ఇరవయ్యో శతాబ్దంలో బ్రిటన్ కలప అడవులకు ప్రధాన వృక్షమైంది. స్కాట్లండ్ కొండల మీద మైళ్ల కొలది ఒకే వయసు, ఒకే ఎత్తు గల స్ప్రూస్ వరుసలు నేడు కనిపిస్తాయి. సాధారణంగా నలభై, యాభై ఏళ్లకు వాటిని నరికి మళ్లీ నాటుతారు. చెట్టు అదే. కాని పడిన మాను మీద మొలకలు లేచే తీరిక, కొమ్మలపై లైకెన్లు పెరిగే వ్యవధి ఆ తోటలలో ఉండవు. మాంటెరీ పైన్ న్యూజిలాండ్, చిలీ, ఆస్ట్రేలియా దేశాలలో లక్షల ఎకరాలకు పాకింది. న్యూజిలాండ్‌లో డగ్లస్ ఫర్ నాటినచోట ఆగక, గాలికి కొట్టుకుపోయిన గింజలతో స్థానిక వృక్షజాతులను అణచివేస్తున్నందున దానిని పీకివేస్తున్నారు.

విత్తనాలు బయలుదేరిన అసలు అడవి సంగతి మరొకటి. పందొమ్మిదో శతాబ్దం చివర నుంచి రంపాలు, రైళ్లు అక్కడికి చేరాయి. ఒక్కొక్క మానును పడగొట్టడానికి ఇద్దరు మనుషులు రోజంతా శ్రమించిన కాలం పోయి, మరరంపాలతో నిమిషాలలో పని ముగిసే కాలం వచ్చింది. వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాలలోని ప్రాచీనారణ్యంలో అధికభాగం నూరేళ్లలో కలపగా మారింది. ముదిరిన చెట్ల తొర్రలలో గూడు కట్టుకునే ఉత్తర చుక్కల గుడ్లగూబను 1990లో ముప్పు పొంచిన జాతిగా ప్రకటించడంతో కార్మికులకు, పర్యావరణవాదులకు మధ్య తీవ్ర వివాదం రేగింది. మిగిలిన పాత అడవిని కాపాడేందుకు 1994లో అమెరికా ప్రభుత్వం వాయవ్య అటవీ ప్రణాళికను అమలులోకి తెచ్చింది. డగ్లస్ వానలో తడిసిన ఫోర్ట్ వాంకూవర్ చుట్టూ వాంకూవర్ నగరం పెరిగింది. కోట స్థలాన్ని జాతీయ చారిత్రక ప్రదేశంగా కాపాడుతున్నారు.

డగ్లస్ ఫర్‌కు శాస్త్రీయ నామంలో మెంజీస్ పేరు, వాడుక నామంలో డగ్లస్ పేరు నిలిచాయి. హవాయీలో ఆయన ప్రాణం విడిచిన చోట 1934లో స్మారక చిహ్నం నిలిపి, చుట్టూ డగ్లస్ ఫర్ మొక్కలు నాటారు. స్కూన్ ప్రాసాదపు తోటలో, ఆయన పారపట్టి పని నేర్చుకున్న నేల మీద, ఆయన పంపిన గింజ నుంచి పెరిగిన డగ్లస్ ఫర్ ఒకటి ఇంకా పెరుగుతూ ఉంది. దానికి వయసు రెండు వందల ఏళ్లకు దగ్గరగా ఉంటుంది.